టేబుల్‌టాప్ ఆర్పీజీకి ఏడాది ఖర్చు రాసుకోవాలంటే: నోటుబుక్కా, యాపా, షీటా?

టేబుల్‌టాప్ ఆర్పీజీ అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్ర అయి, డైస్ (పాచికలు) వేస్తూ నడిపే కథల ఆట. అది ఆడేవాళ్ళని ఏడాదికి ఎంతవుతుందని అడిగితే ఎక్కువమంది పుస్తకం ధర చెబుతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నియమాల పుస్తకం ఒకటి కొన్నాం, డైస్ సెట్టు కొన్నాం, ఇంకేముంది అంటారు. నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో ఒక గ్రూపు ఏడాది పొడుగునా ఆడితే అసలు ఖర్చు చాలా చోట్ల పలచగా పరుచుకుని ఉంటుంది. ఆదివారం సాయంత్రం టీలు, మిరపకాయ బజ్జీలు. నెల్లూరు వీఆర్సీ సెంటర్‌లో తీయించిన క్యారెక్టర్ షీట్ల (పాత్ర వివరాలు రాసుకునే కాగితాల) జిరాక్సులు. డాలర్లలో కొన్న కథల, నియమాల పీడీఎఫ్‌లు. ఎప్పుడు మొదలుపెట్టామో గుర్తులేని ఒక నెలవారీ చందా. చెన్నై నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించిన మినియేచర్లు, అంటే పాత్రల చిన్న బొమ్మలు. వీటన్నిటినీ ఒకచోటికి తేవడానికి నాలుగైదు దారులున్నాయి. ఏది ఎవరికి నప్పుతుందో, ఎందుకో చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ పద్ధతి ఎంచుకున్నా అందులో ఒక గడి తప్పనిసరిగా ఉండాలి: కొన్న వస్తువు ఆటలోకి వచ్చిందా, లేదా. మిగతా ఖర్చుల్లో ఈ గడి అవసరం లేదు. బియ్యం కొంటే వండుకుంటాం, పెట్రోలు కొట్టిస్తే బండి తిరుగుతుంది. ఈ హాబీలో మాత్రం కొనడం వేరు, చదవడం వేరు, అయిదుగురిని కూర్చోబెట్టి ఆడించడం వేరు. ఒక పీడీఎఫ్ కొని మూడేళ్ళు ఫోన్లో ఉంచుకోవచ్చు. అందుకే మొత్తం ఎంతైందన్న ఒక్క అంకె చూసుకుంటే బాధ కలుగుతుందేమో గానీ, వచ్చే ఏడాది ఏం కొనాలో, ఏం మానాలో తెలియదు. ఆ గడి పెట్టడానికి వీల్లేని పద్ధతి ఎంత అందంగా ఉన్నా నేను ఎవరికీ చెప్పను.

ముందు తేల్చుకోవాల్సినవి

ఏడాది ఎక్కడ మొదలవుతుందన్నది మొదటి ప్రశ్న. జనవరి నుంచి డిసెంబరు దాకా అని అలవాటుగా అనుకుంటాం. మన వైపు గ్రూపులకి అది కుదరదు. పిలకాయల్లో సగం మంది బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగాల్లో ఉంటారు. అందరూ ఒకే ఇంట్లో చేరేది సంక్రాంతికే. పండక్కి ఆడబోయే పెద్ద కథ కోసం మ్యాపులు, మినియేచర్లు డిసెంబరులో కొంటారు, ఆట జనవరిలో ఆడతారు. డిసెంబరు 31న గీత గీస్తే కొన్నది ఒక లెక్కలో, ఆడింది ఇంకో లెక్కలో పడిపోతాయి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా పెట్టుకుంటే సంక్రాంతి మొత్తం ఒకే ఏడాదిలో ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఆర్థిక సంవత్సరం ప్రకారం తేలిగ్గా దొరుకుతాయి. ఉగాది కూడా ఆ దగ్గర్లోనే వస్తుంది కాబట్టి కొత్త లెక్క మొదలుపెట్టడానికి మనసుకి బాగుంటుంది.

ఏది ఆట ఖర్చు అన్నది రెండో ప్రశ్న. తిండి లెక్కలోకి రాదు, ఎలాగూ తినేదే కదా అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అయిదుగురు కూర్చుంటే టీలు, బజ్జీలు, మసాలా బొరుగులు కలిపి 200 నుంచి 300 రూపాయలు అవుతుంది. నెలకి మూడు సెషన్లు, అంటే మూడుసార్లు కూర్చుని ఆడే గ్రూపుకి ఏడాది తిరిగేసరికి అది 7,200 నుంచి 10,800 దాకా చేరుతుంది. కొన్ని గ్రూపుల్లో పుస్తకాల ఖర్చు కంటే ఇదే ఎక్కువ. తగ్గించుకోమని చెప్పడం లేదు. బజ్జీలు లేని సెషన్ నాకూ ఇష్టం ఉండదు. కానీ కనిపించాలి.

ప్రయాణం విషయంలో ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: ఆట లేకపోయినా అక్కడికి వెళ్ళేవాళ్ళమా? గేమ్ షాపు కోసమే పినాకిని రైలెక్కి చెన్నై వెళ్ళొస్తే ఆ టికెట్ ఆట ఖర్చే. పెళ్ళికి వెళ్ళి, పనిలో పనిగా షాపు చూసి వస్తే కాదు. అందరూ కలిసి మైపాడు బీచ్‌కి వెళ్ళి, అక్కడే కూర్చుని ఒక చిన్న కథ ఆడారనుకోండి, ఆటో చార్జీలూ చేపల వేపుడూ ఈ లెక్కలో వేయకండి. అది షికారు.

పద్దులు అయిదు దాటకూడదు. పుస్తకాలు-పీడీఎఫ్‌లు ఒకటి, డైస్-మినియేచర్లు-మ్యాపులు ఒకటి, ఆన్‌లైన్ చందాలు ఒకటి, తిండి ఒకటి, మిగతావన్నీ ఒకటి. మిగతావాటిలోనే జిరాక్సు, కొరియర్, ప్రయాణం వచ్చేస్తాయి. పన్నెండు పద్దులు పెట్టుకున్నవాళ్ళు ఏ ఖర్చు ఎందులో వేయాలో ఆలోచిస్తూ రెండో నెలకే రాయడం మానేస్తారు.

ఏ పద్ధతికైనా అడ్డొచ్చే మూడు ఖర్చులు

పద్ధతుల్లోకి వెళ్ళేముందు ఈ హాబీకే ప్రత్యేకమైన మూడు చిక్కులు చూడాలి. పద్ధతి మంచిదా కాదా అన్నది వీటి దగ్గరే తెలుస్తుంది.

మొదటిది డాలరు. పీడీఎఫ్‌లు ఎక్కువగా డ్రైవ్‌త్రూఆర్పీజీ, ఇచ్.ఐఓ లాంటి సైట్లలో కొంటాం. 20 డాలర్లని చూసి గూగుల్‌లో రేటు వెతికి 1,800 అని రాసుకుంటారు. లెక్క కోసం డాలరు 90 రూపాయలనుకుందాం. చాలా కార్డుల మీద విదేశీ చెల్లింపుకి 3.5 శాతం వరకు ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బుని రూపాయల్లోకి మార్చినందుకు బ్యాంకు తీసుకునే రుసుము) ఉంటుంది, అంటే 63 రూపాయలు. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 11 రూపాయల 34 పైసలు. చివరికి కార్డు నుంచి పోయేది 1,874. ఇది కాక, విదేశాల నుంచి అమ్మే డిజిటల్ సరుకు మీద కొన్ని సైట్లు బిల్లు చివర 18 శాతం జీఎస్టీ కలుపుతాయి. కాబట్టి సైట్‌లో కనిపించిన ధర ఎప్పుడూ రాయకండి. స్టేట్‌మెంట్‌లో పడ్డ రూపాయలే రాయండి. కొన్ని బ్యాంకులు మార్కప్‌ని విడి లైనుగా, కొన్ని రోజుల తర్వాత వేస్తాయి. అది కూడా పట్టుకోవాలి.

రెండోది క్రౌడ్‌ఫండింగ్, అంటే ఇంకా తయారుకాని వస్తువుకి కొనేవాళ్ళే ముందుగా డబ్బు పోగుచేసి ఇవ్వడం. కిక్‌స్టార్టర్ సైట్‌లో ఒక గేమ్‌కి డబ్బు కడతామని ఒప్పుకుంటే, గడువు ముగిసి వాళ్ళ లక్ష్యం చేరాకే కార్డు నుంచి డబ్బు వెళుతుంది. ఆ తర్వాత ఎన్నో నెలలకి షిప్పింగ్ చార్జీ విడిగా అడుగుతారు. పార్సెల్ ఇక్కడికి చేరినప్పుడు కస్టమ్స్ సుంకం, కొరియర్ కంపెనీ ఫీజు ఉండొచ్చు. ఒకే పెట్టెకి మూడు చెల్లింపులు, ఒక్కోసారి రెండు లెక్కల సంవత్సరాల్లో. ఇక్కడ నియమం ఒకటే పెట్టుకోవాలి: డబ్బు పోయిన రోజునే ఆ ఏడాది లెక్కలో రాయాలి, వస్తువు ఎప్పుడొచ్చినా సరే. మూడు చెల్లింపులకీ ఒకే పేరు పెట్టాలి, అప్పుడే ఆ పెట్టె నిజంగా ఎంతకి పడిందో తేలుతుంది. ఆటలోకి వచ్చిందా అన్న గడిలో "ఇంకా రాలేదు" అని రాయండి. కొని పక్కన పడేసినవాటితో దాన్ని కలపకూడదు.

మూడోది చందాలు. డీ అండ్ డీ బియాండ్ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలు, పాత్రలు చూసుకునే సైట్), రోల్20 (ఆన్‌లైన్‌లో కలిసి ఆడే సైట్) లాంటివి నెలకో ఏడాదికో డబ్బు కోసుకుంటాయి. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ఇక్కడ మనకి బాగా పనికొస్తుంది. ఆటో-డెబిట్‌కి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజో మెయిలో పంపాలి. ఆ మెసేజ్ రాగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: పోయిన నెల దీన్ని తెరిచామా? తెరవకపోతే అప్పుడే రద్దు చేసేయొచ్చు. తెరిచుంటే అప్పుడే పద్దు రాసేయొచ్చు.

నోటుబుక్

పాతకాలం కొట్లలో రెండు పుస్తకాలు ఉండేవి. చిట్టాలో ఏ రోజు ఖర్చు ఆ రోజు, వచ్చింది వచ్చినట్టు రాసేవాళ్ళు. తర్వాత వాటిని విడదీసి ఆవర్జాలో ఖాతాల వారీగా ఎక్కించేవాళ్ళు. ఆట ఖర్చుకి నోటుబుక్ పెట్టుకునేవాళ్ళు చిట్టా దగ్గరే ఆగిపోతుంటారు. ఏడాది చివర ముప్ఫై పేజీల చిట్టా ముందేసుకుని కూడటం ఎవరివల్లా కాదు. నోటుబుక్ పని చేయాలంటే ముందువైపు చిట్టా, వెనకవైపు నుంచి ఆవర్జా రాయాలి. పద్దుకి ఒక పేజీ, అంటే అయిదు పేజీలు చాలు. నెలకి ఒకసారి, సెషన్‌కి అందరూ రాకముందు ఉండే ఆ ఖాళీ సమయంలో ఎక్కించేయొచ్చు.

చిట్టా పేజీ ఇలా ఉంటుంది:

ఆగస్టు 3. టీలు, బజ్జీలు. 240. తిండి. నగదు.
ఆగస్టు 9. పాడుబడ్డ కోట కథ పీడీఎఫ్. 1,874. పుస్తకాలు. కార్డు. ఆటలోకి: సెప్టెంబరు 14.
ఆగస్టు 10. షీట్లు 30 జిరాక్సు. 60. మిగతావి. ఫోన్‌పే.
ఆగస్టు 17. డైస్ సెట్టు, కొత్తగా చేరిన తమ్ముడికి. 450. డైస్. ఫోన్‌పే. ఆటలోకి: అదే రోజు.
ఆగస్టు 22. పీడీఎఫ్ బండిల్. 1,690. పుస్తకాలు. కార్డు. ఆటలోకి: 

ఆ చివరి గడి ఖాళీగా ఉండటమే నోటుబుక్ గొప్పతనం. పేజీ తిప్పిన ప్రతిసారీ ఆ ఖాళీ కనబడుతుంది. కంప్యూటర్‌లో ఖాళీ గడి ఎవరికీ గుర్తుకురాదు. కాగితం మీద మాత్రం అది అడుగుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి, గేమ్ మాస్టర్లకి, అంటే కథ నడిపించేవాళ్ళకి, ఎలాగూ ఒక నోటుబుక్ ఉంటుంది, కథ ఎక్కడిదాకా వచ్చిందో, ఏ ఊరి పెద్ద పేరేమిటో రాసుకోవడానికి. దాని వెనక పేజీలే వాడుకుంటే ఖర్చూ ఆటా ఒకచోటే ఉంటాయి. ఏ సెషన్‌లో ఏం వాడామో చూసి గడి నింపడం సులువవుతుంది.

బలహీనత కూడికలు. డాలర్లు, చందాలు ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఇది నప్పదు, ఎందుకంటే కార్డు ఖర్చు జరిగేటప్పుడు నోటుబుక్ చేతిలో ఉండదు. ఖర్చు చాలావరకు నగదుగా, తిండి-జిరాక్సుల మీద పోయే కాలేజీ పిలకాయలకి మాత్రం ఇంతకంటే మంచిది లేదు. ఇంట్లో నాన్నగారు అడిగినప్పుడు ముందు పెట్టడానికీ ఇదే మేలు. "ఏదో ఆట అంటావు, వేలకి వేలు పోస్తున్నావు" అన్న మాటకి, తేదీలతో సహా చేత్తో రాసిన లెక్క చూపిస్తే మాట్లాడుకోవడం తేలికవుతుంది.

మెసేజ్‌లు చదివే ఖర్చుల యాప్‌లు

వీటి గురించి ఎక్కువ చెప్పను. బ్యాంకు మెసేజ్‌లు చదివి వాటంతట అవే ఖర్చు రాసుకుంటాయన్నది వీటి ఆకర్షణ. ఈ హాబీకి అదే దెబ్బ. బజ్జీల బండాయనకి పంపిన 60 రూపాయలు యాప్‌కి ఒక వ్యక్తి పేరు మీద వెళ్ళిన డబ్బుగా కనబడుతుంది, ఆట ఖర్చని దానికి తెలియదు. పైగా కొన్ని బ్యాంకులు వంద రూపాయలలోపు యూపీఐ చెల్లింపులకి మెసేజ్‌లు పంపడమే మానేశాయి. నగదు ఎలాగూ కనబడదు. "ఆటలోకి వచ్చిందా" అన్న గడి పెట్టుకునే వీలు చాలా యాప్‌లలో ఉండదు, నోట్ అని ఒక చిన్న ఖాళీ ఇస్తారు అంతే. మన మెసేజ్‌లన్నీ చదివే అనుమతి ఇవ్వాలి, అది వేరే ఆలోచన. ఇంటి ఖర్చంతటికీ ఇప్పటికే ఇలాంటి యాప్ వాడుతుంటే అందులో "ఆట" అని ఒక పద్దు పెట్టుకోండి. ఆట లెక్క కోసమే అయితే వద్దు.

గూగుల్ షీట్, ముందు ఒక ఫామ్

ఉద్యోగం చేస్తూ, కార్డు మీదా ఫోన్‌పే మీదా ఖర్చు పెట్టేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. అయితే షీట్‌ని నేరుగా ఫోన్లో తెరిచి చిన్న చిన్న గడుల్లో టైప్ చేయడం చిరాకు. ఆ చిరాకు వల్లే చాలామంది మానేస్తారు. దానికి బదులు ఒక గూగుల్ ఫామ్ చేసుకుని, దాని లింకుని ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోవాలి. నింపినవన్నీ షీట్‌లోకి వెళ్ళిపడతాయి. తేదీ, టైము దానంతట అదే పడుతుంది.

ఫామ్‌లో ప్రశ్నలు ఇంతే: ఎంత, ఏమిటి, ఏ పద్దు, ఎవరి కోసం. మూడోది అయిదు గుండ్రాల్లో ఒకటి నొక్కడమే. నాలుగోదానికి "నాకు" లేదా "గ్రూపుకి". టీ కొట్టు దగ్గర డబ్బు పంపి ఫోన్ జేబులో పెట్టుకునేలోపు అయిపోతుంది. ఆటలోకి వచ్చిందా అన్నది ఫామ్‌లో పెట్టకండి, కొన్నరోజు ఆ జవాబు ఎవరికీ తెలియదు. షీట్‌లో పక్కన ఒక వరుస తెరిచి, నెలకోసారి కూర్చుని తేదీలు నింపండి.

ఇంకో షీట్‌లో సెషన్ల జాబితా ఉండాలి: తేదీ, ఎంతమంది వచ్చారు, ఎన్ని గంటలు ఆడారు. ఇది లేకపోతే ఖర్చు లెక్క సగమే. ఒక ఉదాహరణ వేసుకుందాం. గ్రూపు మొత్తానికి ఏడాదికి 18,600 అయింది, 31 సెషన్లు ఆడారు. సెషన్‌కి 600. అయిదుగురు మనుషులు, మనిషికి 120. నాలుగు గంటలు కూర్చుంటే గంటకి 30 రూపాయలు. ఇలా చూస్తే ఆ 18,600 భయపెట్టదు. కానీ అదే షీట్‌లో పక్క వరుస చూసి, ఆటలోకి రాని వస్తువులు 5,400 ఉన్నాయని తేలిందనుకోండి, అప్పుడు నిర్ణయం దానంతట అదే వస్తుంది. వచ్చే ఏడాది మొదట ఆడాల్సిన కథలు ఆ 5,400లోనే ఉన్నాయి. అవి అయ్యేదాకా కొత్త కథ కొనక్కర్లేదు.

బండిల్‌ల విషయంలో, అంటే చాలా పుస్తకాలు కట్టగా అమ్మేటప్పుడు, షీట్ బాగా పనికొస్తుంది. హంబుల్ బండిల్, బండిల్ ఆఫ్ హోల్డింగ్ లాంటి చోట్ల ఒక్క పుస్తకం మీద మనసు పడి పదిహేను కొంటాం. పద్దు ఒకటే రాయండి, కానీ గడిలో "15లో 1" అని వేయండి. కావాల్సిన ఆ ఒక్కటి విడిగా ఎంతో కూడా పక్కన రాస్తే, తర్వాతి బండిల్ వచ్చినప్పుడు చూసుకోవడానికి ఒక లెక్క ఉంటుంది.

ఫౌండ్రీ వీటీటీ (దూరంగా ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో కలిసి ఆడే సాఫ్ట్‌వేర్) లాంటిది ఒక్కసారి 50 డాలర్లు కడితే చాలు, గేమ్ మాస్టర్ ఒక్కరు కొంటే మిగతావాళ్ళు బ్రౌజర్‌లో చేరిపోవచ్చు. ఇలాంటి పెద్ద మొత్తాన్ని మూడేళ్ళకి పంచి రాయాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. కట్టిన ఏడాదిలోనే మొత్తం రాసేయండి. ఆ ఏడాది లెక్క ఎక్కువ కనబడుతుంది, తర్వాతి ఏడాది తక్కువ కనబడుతుంది, అది నిజమే కదా. రోల్20లో ఉచిత ఖాతాతో నెట్టుకొస్తున్న గ్రూపు ఫౌండ్రీకి మారాలా అనుకునేటప్పుడు మాత్రం, ఏడాదిలో ఎన్ని సెషన్లు ఆన్‌లైన్‌లో ఆడారో సెషన్ల జాబితా చూసి తేల్చుకోవాలి. ఉద్యోగాలకి ఊళ్ళు వదిలినవాళ్ళు ఎక్కువున్న గ్రూపుకి అది గిట్టుబాటవుతుంది. నెల్లూరు వేదాయపాళెంలో ఒకే మేడ మీద కూర్చుని ఆడేవాళ్ళకి దండగ.

షీట్ వల్ల ఒక నష్టం ఉంది. రంగులు, గ్రాఫులు పెట్టుకుంటూ లెక్కని ముస్తాబు చేయడంలో పడిపోతారు. పద్దు వారీగా కూడే ఒక సమ్‌ఇఫ్ ఫార్ములా, మొత్తానికి ఒక కూడిక, ఆటలోకి రానివాటికి ఒక కూడిక. ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు.

గ్రూపు ఖర్చుకి: స్ప్లిట్‌వైజ్, లేదా ఉమ్మడి డబ్బు

ఏ గ్రూపులో చూసినా గేమ్ మాస్టర్ మీదే ఎక్కువ భారం పడుతుంది. పుస్తకాలు ఆయనవే, మ్యాపులు ఆయనవే, ఆడేది ఆయన ఇంట్లోనే కాబట్టి టీలు కూడా వాళ్ళ వంటింట్లోంచే వస్తాయి. మిగతావాళ్ళు డైస్ సెట్టుతో సరిపెడతారు. ఎవరూ కావాలని చేసేది కాదు, ఎవరూ లెక్క చూడరు అంతే. ఏడాది లెక్క ఒకసారి రాసి అందరి ముందూ పెడితే ఇది తేటతెల్లమవుతుంది. ఆ తర్వాత పంచుకోవడం గురించి ఎవరూ నొచ్చుకోకుండా మాట్లాడుకోవచ్చు.

స్ప్లిట్‌వైజ్ యాప్ ఈ పంపకాలకి బాగుంటుంది. ఆ రోజు రానివాళ్ళని తీసేసి పంచొచ్చు, సమానంగా కాకుండా వాటాలు పెట్టొచ్చు, గ్రూపు మొత్తం ఎంత, అందులో మన వాటా ఎంతో చూపిస్తుంది. ఉచిత వెర్షన్‌లో రోజుకి ఎక్కించే ఖర్చుల మీద పరిమితి ఉంది కాబట్టి, సెషన్ అయ్యాక తిండి మొత్తం ఒకే పద్దుగా వేయడం మంచిది. కానీ ఇది ఎవరు ఎవరికి బాకీ అన్నదాని కోసం పుట్టిన యాప్. సొంతంగా కొన్న పీడీఎఫ్‌లు ఇందులో ఉండవు, ఆటలోకి వచ్చిందా అన్న గడి ఉండదు. ఏడాది లెక్కకి ఇదొక్కటే చాలదు. నెలాఖరున ఇందులోంచి మన వాటా ఒక్క అంకెగా తీసుకెళ్ళి మన షీట్‌లోనో ఆవర్జాలోనో వేసుకోవాలి. గ్రూపుకి మొత్తం డబ్బు మనమే కట్టినా, మన లెక్కలో రాయాల్సింది మన వాటా మాత్రమే. ఇది మరిచిపోతే ఏడాది మొత్తం అసలుకంటే చాలా ఎక్కువ కనబడుతుంది.

ప్రతివారం ఒకే నలుగురైదుగురు కలిసే గ్రూపుకి నాకు ఇంకా నచ్చే పద్ధతి ఉమ్మడి డబ్బు. నెలకి మనిషికి 200 చొప్పున ఒకరి దగ్గర జమ, తిండీ జిరాక్సూ ఉమ్మడి పుస్తకాలూ అందులోంచే. ఎవరి లెక్కలోనైనా నెలకి ఒకే పద్దు పడుతుంది. బాకీల మాటే రాదు. కాకపోతే డబ్బు పెట్టుకునేవాళ్ళు నిక్కచ్చిగా ఉండాలి. గేమ్ మాస్టర్‌కి మాత్రం ఆ పని అప్పగించకండి, ఆయనకి ఉన్న పని చాలు.

విడి ఖాతా, యూపీఐ లైట్

రాయడమే ఇష్టం లేనివాళ్ళకి మిగిలేది ఇది. వాడకుండా పడున్న బ్యాంకు ఖాతా ఉంటే, నెలకి ఇంత అని దానిలోకి పంపి, ఆటకి సంబంధించిందంతా దాని కార్డు, దాని యూపీఐ మీదే కట్టాలి. ఏడాది చివర స్టేట్‌మెంటే లెక్క. పైగా అయిపోతే అయిపోయినట్టే, హద్దు దానంతట అదే ఉంటుంది. కొనడం ఆపుకోలేకపోతున్నామనిపించేవాళ్ళకి నోటుబుక్ కంటే, షీట్ కంటే ఇదే ఎక్కువ సాయం చేస్తుంది.

ఇందులో యూపీఐ లైట్ వాడకండి. చిన్న మొత్తాలకి పిన్ లేకుండా పోతుందని సులువే గానీ, లైట్‌లోకి డబ్బు ఎక్కించినప్పుడు పడే ఒక్క లైనే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. టీ, జిరాక్సు, బొరుగులు విడివిడిగా కనబడవు. ఆటలోకి వచ్చిందా అన్న గడి కూడా స్టేట్‌మెంట్‌లో ఉండదు కాబట్టి, ఏడాదికి రెండుసార్లు దాన్ని ప్రింటు తీసి పెన్నుతో టిక్కులు పెట్టుకోవాలి. ఆ పని చేస్తామనుకుంటేనే ఇది ఎంచుకోండి.

ఎవరికి ఏది

కాలేజీలో ఉండి, ఖర్చు ఎక్కువగా నగదు అయితే నోటుబుక్, వెనకవైపు ఆవర్జాతో. ఉద్యోగం ఉండి డాలర్లలో కొంటుంటే ఫామ్‌తో కూడిన షీట్, గేమ్ మాస్టర్ అయితే మరీనూ. గ్రూపు స్థిరంగా ఉంటే ఉమ్మడి డబ్బు, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఉంటే స్ప్లిట్‌వైజ్, రెంటిలో ఏదైనా సొంత లెక్కకి తోడుగానే. చేతికి హద్దు కావాలనుకుంటే విడి ఖాతా.

ఇప్పుడే మొదలుపెడుతున్న గ్రూపు అయితే ఏదీ ఎంచుకోకముందు ఒక సంగతి చూడండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి) కింద విడుదల చేశారు, ఉచితంగా దొరుకుతుంది. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆర్పీజీ నియమాలు ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో దాని కంపెనీ అనుమతితోనే ఉచితంగా ఉన్నాయి. మొదటి ఏడాది పుస్తకాల పద్దు సున్నా ఉన్నా ఆట ఏమీ తగ్గదు. అప్పుడు లెక్క మొత్తం డైస్, తిండి, జిరాక్సు. దానికి నోటుబుక్ చాలు.

ఏడాది మధ్యలో మొదలుపెట్టేవాళ్ళు ఏప్రిల్ దాకా ఆగొద్దు. ఫోన్‌పే హిస్టరీలోంచి గడిచిన నెలల స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. కార్డు స్టేట్‌మెంట్‌లో విదేశీ చెల్లింపులు వెతకండి, మెయిల్‌లో రిసీట్, ఆర్డర్ అని వెతకండి, డ్రైవ్‌త్రూలో మీ ఆర్డర్ల జాబితా చూడండి. పుస్తకాలు, చందాలు, డైస్ ఇలా దాదాపు అన్నీ దొరికేస్తాయి. నగదుగా పోయిన తిండి దొరకదు, దానికి సెషన్‌కి ఇంతని ఒక అంచనా వేసి, పక్కన "అంచనా" అని రాసి, ముందుకి వెళ్ళిపోండి. ఆ తర్వాత కొన్నవాటి జాబితా గ్రూపులో పంపి, వీటిలో ఏవి ఆడామో గుర్తుచేయమని అడగండి. ఆ గడి ఒక్కరి కంటే అయిదుగురు కలిసి నింపితేనే సరిగ్గా వస్తుంది.